సాక్ష్యం చెప్పిన అక్క

ఎండాకాలం మధ్యాహ్నాలు వికారాబాద్ కోర్టు వరండాలో అటెండరు బకెట్టుతో నీళ్లు తెచ్చి బండల మీద కుమ్మరిస్తాడు. కాగి ఉన్న తాండూరు బండల మీద నీళ్లు పడగానే ఒక వాసన లేస్తుంది. సున్నం వాసన అందామంటే కాదు, మట్టి వాసన అందామంటే అదీ కాదు. ఆ బండల మీద పుట్టి పెరిగిన మాలాంటి వాళ్ల ముక్కులకే అది తెలుస్తుంది. నల్లకోటు సర్దుకుంటూ ఆ తడి మీద నడిచినప్పుడల్లా నాకు నస్రీన్ మేడం గుర్తుకు వస్తారు. నేనిప్పుడు ఈ కోర్టులో ప్రభుత్వం తరఫు వకీలుని. ఈ వరండాలో మొదటిసారి అడుగు పెట్టింది మాత్రం డిగ్రీ చదివే రోజుల్లో, ఆమె పక్కన నడుస్తూ.

తాండూరులో మా కాలేజీలో ఆమె ఇంగ్లీషు చెప్పేవారు. పొట్టి మనిషి. బల్ల వెనక నిలబడితే తల మాత్రమే కనబడుతుందని వెనక బెంచీ వాళ్లు ఆటపట్టించేవారు. గొంతు మాత్రం గట్టిది. కాలేజీ గోడ అవతలే రాళ్లు కోసే మిషన్లు ఉండేవి, వాటితో పోటీ పడీ పడీ తన గొంతు అలా తయారైందని ఆమే నవ్వుతూ చెప్పుకునేవారు. కందుల వ్యాపారం చేసే మా నాన్న, హైదరాబాద్ సేట్లతో ఫోన్లో మాట్లాడడానికి పనికొస్తుందని నన్ను ఇంగ్లీషు చదివించాడు. మేడం చేతిలో పడ్డాక నేను ఆ సేట్లకు పనికి రాకుండా పోయాను.

ఆమె ఏటా ఒక పాత గ్రీకు నాటకం చెప్పేవారు. ఒక రాజ్యంలో అన్నదమ్ములిద్దరూ ఒకరి మీద ఒకరు కత్తి దూసి చచ్చిపోతారు. వాళ్ల మేనమామే రాజు. ఒకణ్ణి వీరుడని గౌరవంగా సాగనంపి, రెండోవాడు రాజ్యద్రోహి కాబట్టి వాడి శవాన్ని ఎవరూ పూడ్చకూడదని ఆజ్ఞ వేస్తాడు. చెల్లెలు ఆ ఆజ్ఞ దాటి అన్న మీద మన్ను వేస్తుంది. అదీ కథ. మేడం క్లాసును రెండుగా చీల్చి ఒక వైపు వాళ్లను రాజు పక్షాన, ఇంకో వైపు వాళ్లను చెల్లెలి పక్షాన వాదించమనేవారు. వాదన వేడెక్కి, మేమంతా మా పక్షమే గెలవాలని పంతం పట్టిన సమయానికి చప్పట్లు కొట్టి, "ఇగ జాగలు మారుండ్రి" అనేవారు. అప్పటిదాకా తిట్టిన వాళ్లనే వెనకేసుకు రావాలి. పైగా ఒక షరతు. అవతలి వాళ్ల మాటను వాళ్లు ఔనని తలాడించేటట్టు చెప్పిన తర్వాతే మన మాట మొదలుపెట్టాలి.

కరణ్‌కోట నుంచి వచ్చే రాములు ఒకసారి లేచి, "రాజు ఆమెకు మామనే గద మేడం. ఇంట్ల కూసోని మాట్లాడుకుంటే అయిపోతుండె" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. మేడం నవ్వలేదు. "గదే మొత్తం నాటకం రాములూ. ఇంట్ల అయ్యే మాట దర్బార్ల పడ్డది" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. మా ఇంట్లో బేరమంటే ఎటో ఒక వైపు తెగాలి. "ఇద్దర్ల ఎవరిది న్యాయం? పరీక్షల ఏం రాయాలె మేడం?" అని నిలదీశాను.

"పరీక్షల ఇద్దరిదీ రాయి. మార్కులొస్తయి. నీ దాకొచ్చిన నాడు గట్ల రాసేటందుకు ఉండది, ఒకటే చెప్పాలె" అన్నారు.

నేను చివరి సంవత్సరంలో ఉండగా అది ఆమె దాకానే వచ్చింది. ఆమె తమ్ముడు సలీం యాలాల్ వైపు ఒక చిన్న బండల గని నడిపేవాడు. నాన్న పోయాక చదువు మానేసి గనుల్లో ట్రాక్టర్ తోలి అక్కను హైదరాబాద్‌లో చదివించింది అతనే. గనిలో మందుగుండు పేల్చే ముందు విజిల్ ఊది, ఎర్ర జెండా ఎత్తి, అందరూ దూరం పోయారని చూసుకోవాలి. ఆ రోజు లారీ ఎదురుచూస్తున్నదని సలీం తొందరపడ్డాడు. మొగులప్ప అనే కూలీ రాళ్ల కింద పడి చనిపోయాడు. మొగులప్పను తాను పనికి పిలవనే లేదని, అతనే ఎటునుంచో గనిలోకి వచ్చాడని సలీం పోలీసులకు చెప్పాడు. కానీ ఆ పొద్దున మొగులప్ప మేడం ఇంటి గడప మీద కూర్చుని, ఆమె ఇచ్చిన చాయ్ తాగి, సలీం జీపులో ఎక్కి వెళ్లాడు. చూసింది ఆమె ఒక్కతే. పోలీసులు అడిగితే చూసింది చూసినట్టు చెప్పారు. ఇక కోర్టులోనూ చెప్పాలి.

పుస్తకం తిరిగి ఇవ్వడానికి వాళ్ల ఇంటికి వెళ్లిన సాయంత్రం వాళ్ల అమ్మ వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. వాళ్లు మాట్లాడుకునేది ఉర్దూ అయినా తాండూరులో పెరిగిన నాకు అర్థం కానిదేమీ లేదు. "యాది లేదను బేటీ. అబద్ధం చెప్పమంటలేను. మర్చిపోవుడు పాపం కాదు గద" అంటున్నది.

మేడం నా చేతిలోని పుస్తకం తీసుకుని బల్ల మీద పెట్టారు. తర్వాత, "యాది లేదంటే మొగులప్ప మన గడప మీద కూసోనట్టే అయితది అమ్మీ. ఆయనకు పెండ్లాం ఉన్నది. గామె ఏమనుకోవాలె?" అన్నారు. ఆ తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. గుమ్మం దాకా నాతో వచ్చి మేడం, "వాయిదకు వికారాబాద్ పోవాలె. నాతోని వస్తవా బిడ్డా?" అని అడిగారు. నన్నెందుకు అడిగారో అప్పుడు తెలియలేదు.

ప్యాసింజర్ రైల్లో పోతున్నంతసేపూ తమ్ముడి గురించే చెప్పారు. మొదటి జీతం పెట్టి తనకు గడియారం కొన్నాడట. తన హాస్టలుకు జొన్నరొట్టెలు మూటగట్టుకుని వచ్చేవాడట. వింటూ వింటూ, ఈమె సాక్ష్యం చెప్పదు, వెనక్కి తగ్గుతుంది అనుకున్నాను. నిజం చెప్పాలంటే తగ్గితే బాగుండునని కూడా అనిపించింది.

బోనులో నిలబడి ఆమె చెప్పవలసింది చెప్పారు. సలీం తరఫు వకీలు లేచి, "మీకు తమ్ముని మీద కోపం ఉన్నది, అవునా?" అన్నాడు.

"నా చదువు మా తమ్ముని కష్టం సార్. వానంత మంచి తమ్ముడు ఈ జిల్లల ఎవరికీ లేడు. వాడు కావాలని ఎవరినీ చంపేటోడు కాదు. గాని ఆ పొద్దుగాల మొగులప్ప వాని జీపులనే పోయిండు."

జడ్జి తలెత్తి ఆమెను చూశారు. కోర్టు హాల్లో వెనక నిలబడిన నాకు ఏడుపొచ్చింది. అది దుఃఖం కాదు. ఈమె మా మేడం అని అక్కడున్న అందరికీ అరిచి చెప్పాలనిపించింది.

బయట బెంచీ మీద సలీం తల వంచుకుని కూర్చున్నాడు. మేడం నేరుగా వెళ్లి పక్కన కూర్చుని సంచిలోంచి టిఫిన్ డబ్బా తీశారు. వకీలు పరుగున వచ్చి, "ఇప్పుడు మాట్లాడొద్దు మేడం" అన్నాడు.

"నా సాక్ష్యం అయిపోయింది వకీల్ సాబ్. ఇగ నేను అక్కను" అని రొట్టె తుంచి పప్పులో అద్ది తమ్ముడి ముందు పట్టుకున్నారు. సలీం తినలేదు. మొహం అటు తిప్పుకున్నాడు. చెయ్యి నొప్పి పుట్టేదాకా అట్లాగే పట్టుకుని, చివరికి డబ్బా మూసి అతని పక్కన పెట్టి లేచారు.

రైలు కదిలాక గానీ ఆమె ఏడవలేదు. "కోర్టుల భయం కాలేదు బిడ్డా. ఇప్పుడైతున్నది. ఇంటికి పోవాలె గద. గందుకే నిన్ను రమ్మన్న" అన్నారు. నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. తాండూరులో దిగి వాళ్ల గుమ్మం దాకా ఆమెతో నడిచాను.

సలీంకు శిక్ష పడింది. వాళ్ల అమ్మ అదే ఇంట్లో ఉంటూ చాలాకాలం మేడంతో మాట్లాడలేదు. మేడం జైలు ములాఖత్ ఒక్కటీ తప్పలేదు. మొదట్లో అతను బయటికి రాకుండా తిప్పి పంపేవాడు. మళ్లీ వెళ్లేవారు. విడుదలయ్యాక వేరే వాళ్ల గనిలో పనికి కుదిరి, పేల్చే ముందు విజిల్ తానే ఊదుతాడని, గనంతా ఒకసారి తిరిగి చూసిన తర్వాతే పేల్చమని చెయ్యి ఎత్తుతాడని రాములు చెబితే విన్నాను. ఆమె చనిపోయిన రోజు జనాజా మోసిన వాళ్లలో ముందు భుజం అతనిదే. రాజు గొప్పా చెల్లెలు గొప్పా అని క్లాసులో గొంతు చించుకున్న మాకు, ఇద్దరి బరువూ ఒక్క మనిషి మోయవచ్చని మేడం చూపించారు. ఆమె శిష్యురాలినని చెప్పుకోవడానికి నాకు ఎక్కడా జంకు లేదు.

పోయిన వారం మా కోర్టులో యాలాల్ దగ్గరి ఒక తల్లి సొంత కొడుకు మీద సాక్ష్యం చెప్పింది. బోను దిగి వచ్చేసరికి, ఆమెను తీసుకొచ్చిన చుట్టాలు బండ్లు స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయారు. చెట్టు కింద ఒక్కతే నిలబడి ఉంది. నేను ఫైళ్లు జూనియర్‌కు అప్పగించి, కోటు విప్పి చేతికి వేసుకుని, తాండూరు బస్సులో ఆమె పక్కన కూర్చున్నాను.

"తాండూర్ల మీకేం పని మేడం?" అని అడిగింది.

"ఏం పని లేదమ్మా. నీ ఇంటిదాంక వస్త" అన్నాను.