బాబాయి వోల్టేజి

బాబాయి వ్యాను బ్యాటరీకి అగ్గిపెట్టెంత వైఫై చిప్పు తగిలించి, అన్నం తింటూ కూడా ఫోనులో వోల్టులు చూసుకుని మురిసిపోయేవాడు. ఒకసారి అంకె తగ్గుతోందని కంగారుపడి, గంటకోసారి కబురు పంపే చిప్పును సెకనుకోసారి పంపమన్నాడు. అది తాగేదీ ఆ బ్యాటరీనే అని మరిచాడు. కూతురు మొదటి ఇంటర్వ్యూకి బయలుదేరిన ఉదయం వ్యాను కదల్లేదు.

"కంచే చేను మేసిందన్నమాట," అంటూ పిన్ని కొంగు బిగించింది. కూతురు స్టీరింగు పట్టుకుంది. బాబాయి ఒంటిచేత్తో తోస్తూ, రెండో చేతిలోని ఫోను చదివాడు. "పదిన్నర వోల్టులు... ఇంకా పదిన్నరే."

"తోసేది వ్యానునా, అంకెనా?" నవ్వాపుకోలేక పిన్నికి పట్టు జారింది.

ఇంజను దగ్గి అందుకుంది.

"పద్నాలుగు తల్లీ, ఛార్జింగు ఎక్కుతోంది, ఇక ఆపకు," అని అరుస్తూ ఆయన చెప్పులు వదిలేసి వెంట పరిగెత్తాడు. వీధి మలుపులో వైఫై అందక అంకె మాయమైంది. తలెత్తి చూస్తే, కూతురు కిటికీలోంచి చెయ్యి ఊపుతూ వెళ్ళిపోతోంది.