పర్ణశాల తోవలో అల్లిన తొట్టెల

భద్రాచలం వచ్చే మా చుట్టాలందరికీ గైడ్‌ని నేనే. దేవుణ్ణి చూపించడం వరకు మా ఆయన పని. ఆ తరువాత "ఈడి గుర్తుగ ఏదన్న కొనుక్కపోదాం" అన్న మాట ఎవరి నోటినుంచి వచ్చినా నేను చెప్పులేసుకునేదాన్ని. గుడి మెట్ల ముందు కొట్లలో మాత్రం కొననిచ్చేదాన్ని కాదు. అక్కడి సరుకులో సగం ఎక్కడో అచ్చుపోసి లారీల్లో దింపిన ప్లాస్టిక్. ఎవరైనా ఆ రంగుల బుట్టల మీద చెయ్యి వేశారంటే నాకు ఒళ్లు మండేది. "మీ ఊళ్లె దొరకదా ఈ ప్లాస్టిక్? గింత దూరమొచ్చి ఇదా కొనేది?" అని కొట్టువాడి ముందే అనేసేదాన్ని. నా నోరు అలాంటిది మరి.

కొంటే పర్ణశాల తోవలో కొనాలి. భద్రాచలం దాటి కొంత దూరం పోయాక రోడ్డు వారన రేకులు, తాటాకులు కప్పిన పందిళ్లు వస్తాయి. వెదురు బుట్టలు, చేటలు, జల్లెడలు, పిల్లలు ఆడుకునే విల్లంబులు అక్కడ వేలాడుతుంటాయి. పందిళ్ల వెనక అల్లేవాళ్ల ఇళ్లు, ఆ ఇళ్ల వెనక అడవి. బుట్ట నచ్చగానే బేరం మొదలుపెట్టకూడదు. ముందు బోర్లించి అడుగును మోకాలితో నొక్కి చూడాలి. తరువాత ముక్కు దగ్గర పెట్టుకోవాలి. పొగ వాసన రావాలి. పొయ్యి మీద పొగ పట్టిన వెదురును పురుగు ముట్టదు. ఇవన్నీ నాకు నేర్పింది ఆ వరసలో చివరి పందిట్లో కూచునే అవ్వ.

మాది మణుగూరు. మా ఆయనకు బొగ్గు గనిలో ఉద్యోగం, మాకు కంపెనీ క్వార్టర్. ఓపెన్‌కాస్ట్‌లో మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయిందంటే గోడ గడియారం, క్యాలెండరు, దండెం మీద బట్టలు ఒక్కసారి ఊగి ఆగేవి. కొత్తగా వచ్చినవాళ్లు ఉలిక్కిపడేవాళ్లు. మేం టీ తాగుతూనే ఉండేవాళ్లం.

నా మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. దవాఖానాలో నాకు తెలివి వచ్చేసరికే అంతా అయిపోయింది. అత్తమ్మ బిడ్డను బట్టలో చుట్టి బయటికి తీసుకుపోయిందట. మగవాళ్లు ఎక్కడో పెట్టి వచ్చారట. ఆడపిల్లో మగపిల్లవాడో కూడా నాకు ఎవరూ చెప్పలేదు. అడిగితే అత్తమ్మ "ఎరుకైతే మనసుల పడ్తది బిడ్డా. మరిచిపో" అనేది. మా ఆయన్ని అడిగితే లేచి బయటికి పోయేవాడు. మరిచిపోవడానికైనా ఏదో ఒకటి తెలిసి ఉండాలి కదా! ఇద్దరి మీదా నాకు చెప్పలేనంత కోపం ఉండేది. ఆ కోపాన్ని చుట్టాల వెంట తిరగడంలో, బుట్టలు బేరమాడడంలో ఖర్చు పెట్టుకున్నాను.

మరుసటి ఏడాది ఎండాకాలం మొదట్లో, ఎవరో చుట్టాలను తీసుకుని అవ్వ పందిరికి పోయాను. వాళ్లు బయట చేటలు చూస్తున్నారు. నేను నీళ్లు తాగుదామని లోపలికి వంగాను. వాసానికి కొత్త తొట్టెల వేలాడుతోంది, పచ్చి వెదురుది. అవ్వ కింద కూచుని కత్తితో బద్దలు చీరుతోంది. కాలి బొటనవేలికి తాడు కట్టుకుని, చేతులు ఆపకుండానే కాలితో తొట్టెలను ఊపుతోంది. లోపల పసుపు గుడ్డలో ఏదో ఉంది.

"మనుమడా అవ్వా?" అన్నాను.

"కొడుకు" అన్నది.

అవ్వ జుట్టు మొత్తం నెరిసిపోయింది. ఈ వయసులో కొడుకేమిటని నవ్వుకుంటూ తొంగి చూశాను. గుడ్డలో ఉన్నది రాయి. పుచ్చకాయ పిందె అంత, నున్నటి రాయి. దానికి కాటుకతో దిష్టిచుక్క పెట్టి ఉంది. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

అవ్వ తల ఎత్తకుండానే చెప్పింది. "మా పెద్దోడు. పేరు వెట్టకముందే పోయిండు. నక్కలు తవ్వకుండ మీద రాయి వెడ్తరు గద, గా రాయి. చెట్టు కింద ఒక్కడే ఏముంటడని తెచ్చుకున్న."

"మరి అమ్మే తొట్టెల్లో పండవెట్టినవేంది?"

"ఖాళీ తొట్టెల ఊగొద్దు బిడ్డా. ఖాళీగుంటె ఏదన్న వచ్చి పంటది. మావోడు పండి జాగ కాస్తడు. నేనల్లిన ఏ తొట్టెలల్లనన్న ముందు పండింది వీడే. ఆ ఇంట్ల బిడ్డ వచ్చినంక ఎత్తుకొస్త."

మణుగూరు క్వార్టర్లలో, సారపాక పేపరు మిల్లు కాలనీలో అవ్వ అల్లిన తొట్టెళ్లు ఎన్ని ఇళ్లలో చూశానో. ఆ పిల్లలందరి కంటే ముందు ఈ రాయి పడుకుందన్నమాట. ఎందుకు చేశానో తెలియదు, గుడ్డ కింద చెయ్యి పెట్టి చూశాను. రాయి పైన చల్లగా ఉంది. అడుగున, వీపు ఆనిన చోట, వెచ్చగా ఉంది. చప్పున చెయ్యి తీసేశాను.

"నీది గూడ మొదలువెడ్త" అన్నది అవ్వ.

"నాకెందుకవ్వా తొట్టెల?"

అవ్వ అప్పుడు తలెత్తి నా కడుపు వైపు చూసింది. నెల తప్పిన సంగతి అప్పటికి నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా. మళ్లీ పోతుందేమోనన్న భయంతో నోట్లోనే పెట్టుకుని తిరుగుతున్నాను.

అలాంటివి నేను నమ్మను. అయినా ఆ రోజు బస్సులో గోదావరి బ్రిడ్జి దాటుతూ, మిల్లు వాసనకు ముక్కు మూసుకుని, ఈ బిడ్డకైనా ఒక కాపలా దొరికిందని కళ్లనీళ్లు పెట్టుకున్నాను. ఈసారి బిడ్డ దక్కాలి. అంతకు మించి నాకేమీ అక్కర్లేదు.

ఆరో నెలలో డాక్టరమ్మ మంచం దిగొద్దన్నది. సరిగ్గా అప్పుడే మా ఆయన అక్క, నాకు వదిన, హైదరాబాదు నుంచి కారులో దర్శనానికి వచ్చింది. మా ఇంట్లో ఒక రోజు ఉండి బయల్దేరుతూ బుట్టలెక్కడ కొనాలని అడిగింది. మంచం మీది నుంచే తోవ చెప్పాను. "చివరి పందిరి వదినా. మణుగూరు ఆమె పంపిందను, మంచివి ఇస్తది."

వదిన పోయిన రోజు అవ్వ అక్కడ లేదు. వెదురుకని అడవిలోకి పోయింది. పక్క పందిరామె చూసుకుంటోంది. మణుగూరు నుంచి వచ్చామని చెప్పి వదిన తొట్టెల మీద చెయ్యి వేయగానే, అది నాకోసం అల్లిందని తెలిసిన ఆ మనిషి, నేనే పంపించాననుకుని విప్పి కారులో పెట్టించింది. లోపల ఉన్నది ఉన్నట్టే.

రెండు రోజుల తరువాత హైదరాబాదు నుంచి ఫోను. వదిన గొంతు ఉత్సాహంగా ఉంది. "మీ అవ్వ దగ్గర తొట్టెల తెచ్చిన్నే! ఎంత ముద్దుగున్నదో. బాల్కనీల వేలాడేసిన. మనీప్లాంట్ కుండీ పెడ్త దాంట్ల."

"దాంట్ల ఏమన్న ఉండెనా వదినా?"

"అవ్, పసుపు గుడ్డల రాయి. ఏ దేవుడో ఏమో! రోడ్డు మీద పారేస్తె పాపం గద. ఇంట్ల పెట్టుకుందామంటె ఆ దేవుడికేం చెయ్యాల్నో తెల్వది. బ్రిడ్జి మీద కారు ఆపిచ్చి, దండం వెట్టుకుని, ఆ మూటతోనే గోదాట్లె కలిపిన. పసుపూ కుంకుమా గూడ ఏసిన."

తప్పు చేశావని తిట్టడానికి కూడా లేదు. పసుపు గుడ్డ చుట్టినదాన్ని మనవాళ్లెవరైనా అంతే చేస్తారు. నేనైనా అదే చేసేదాన్ని. ఫోను పెట్టేశాను. ఆ రోజంతా కడుపులో బిడ్డ కదల్లేదు. అత్తమ్మ చక్కెర నీళ్లు తాగించి, ఎడమ పక్కకు తిప్పి, కడుపు మీద చెయ్యి వేసి కూచుంది. పొద్దుగూకే వేళకు ఒక్కసారి కదిలింది. ఇద్దరం ఏడ్చాం.

అవ్వ మా క్వార్టర్‌కు వచ్చింది. ఎవరు చెప్పారో, ఎన్ని బస్సులు మారిందో. లోపలికి రమ్మంటే రాకుండా గడప బయటే కూచుంది. జరిగింది చెప్పాను. తిడుతుందనుకున్నాను, శాపనార్థాలు పెడుతుందనుకున్నాను.

"మూట ఇప్పి ఏసిందా, మూటతోని ఏసిందా?" అని అడిగింది.

"మూటతోనే అవ్వా."

"మంచిగైంది. సలి వెట్టదు" అన్నది. కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. "తొట్టెల తెప్పియ్యి బిడ్డా. అది గాడ ఊగితె వాడు గాడికే పోవాలె. దూరమైతది వానికి."

ఆమె ఇంటికి పోలేదని, భద్రాచలంలో గోదావరి ఒడ్డునే ఉంటోందని తరువాత తెలిసింది. చూసి రమ్మని మా ఆయన్ని పంపాను. వచ్చాక, నేను పోరగా పోరగా చెప్పాడు. అవ్వ బ్రిడ్జి కింద ఒడ్డు మీద కూచుని చేట అల్లుతోందట. కాలి బొటనవేలికి తాడు ఉందట. తాడు రెండో కొస నీళ్లలో ఉందట. కాలు ఆడిస్తూనే ఉందట.

"తాడు కొసకు ఏమున్నది?" అన్నాను.

"నేను చూడలే" అన్నాడు. "బిగుసుకుని ఉండె."

వానలు పడి గోదావరి మెట్ల మీదికి వచ్చాక ఆమెను అక్కణ్ణుంచి లేపి పంపించేశారు. ఆ వారంలోనే వదిన తొట్టెలను తనే కారులో వేసుకుని తెచ్చింది. గుమ్మంలో దింపి, మంచినీళ్లు కూడా తాగకుండా చెప్పింది. "కుండీ పెట్టనే లేదే. ఉట్టిగనే వేలాడేసిన. పొద్దున లేచి చూస్తె దాని కింద రోజూ తడి. తుడిస్తె మళ్ల తడి. తడిల ఇసుక. మూడో అంతస్తుల ఇసుకేందే?" వదిన ఎప్పుడూ పరాచికాలాడే మనిషి. ఆ రోజు ఒక్కసారి కూడా నవ్వలేదు. తొట్టెల అడుగున బద్దల సందుల్లో సన్నటి తెల్లటి ఇసుక నేనూ చూశాను.

బాబు పుట్టాడు. గట్టిగా ఏడ్చాడు. ఆ ఏడుపు విని నేను నవ్వుతుంటే నర్సు నన్ను విచిత్రంగా చూసింది.

పేరు పెట్టే రోజుకు ముందు రోజు, మా ఆయన ముందు గదిలో కొక్కేనికి తొట్టెల కట్టాడు. మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయింది. గడియారం ఊగింది. క్యాలెండరు ఊగింది. దండెం మీద బాబు బట్టలు ఊగాయి. ఖాళీ తొట్టెల ఊగలేదు. తాళ్లు నిటారుగా, బరువుకు బిగుసుకుని ఉన్నాయి. నేను బాబును ఎత్తుకుని వంటింట్లోకి పోయి కూచున్నాను. సాయంత్రం దాకా ఆ గదిలోకి రాలేదు.

మరునాడు సన్నటి వానలో అవ్వ వచ్చింది. కబురు చేసింది నేనే. చేతుల్లో ఏమీ లేదు. అత్తమ్మ పసుపు, కుంకుమ, కాటుక ఉన్న పళ్లెం పట్టుకుని నిలబడింది.

"అవ్వా, మీవోడు లేడు గద. మా రోటి పొత్రం తెమ్మంటవా, ముందు పండవెట్టెటందుకు?" అన్నాను.

"ఎందుకు బిడ్డా? వచ్చి పండిండు గద" అన్నది.

తొట్టెల మీదికి వంగి, రెండు చేతులూ లోపల పెట్టి, ఒక చెయ్యి తల కింద, ఒక చెయ్యి నడుము కింద పోనిచ్చినట్టు పోనిచ్చింది. "లే కొడుకా. తమ్ముడొచ్చిండు. జరంత జాగియ్యి" అన్నది. పైకెత్తి భుజాన వేసుకుంది. తాళ్లు కిర్రుమన్నాయి. తొట్టెల కొద్దిగా పైకి లేచింది. అందరం చూశాం.

బాబును పడుకోబెడదామని నేను ముందుకు వచ్చాను.

"ఆగు బిడ్డా. ఇంకొకలున్నరు" అన్నది అవ్వ.

"ఎవరవ్వా?"

"నీ బిడ్డ. మావోని పక్కకు పండింది." మళ్లీ వంగింది. ఈసారి ఇంకా మెల్లగా, ఒక్క చేతి మీదికి ఎత్తుకుని మోచేతి వంపులో పెట్టుకుంది. తొట్టెల ఇంకాస్త పైకి లేచి అటూ ఇటూ ఊగింది. "ఈమెను గూడ తీస్కపోన్నా? ఉండనిస్తవా?"

ఎన్నాళ్లుగానో ఇంట్లో అందరినీ అడిగిన మాటే మళ్లీ వచ్చింది. "ఆడపిల్లనా అవ్వా?"

అవ్వ ఖాళీ చేతిలోకి చూసింది. "ఆడిపిల్లనే. జుట్టు మస్తుగున్నది. చెవుల మీదికొచ్చింది."

నా వెనక పళ్లెం కింద పడింది. అత్తమ్మ గోడకు ఆనుకుని జారి కూచుంది. "ఈమెకెవరు చెప్పిన్రు?" అంటోంది. "ఆ జుట్టు నేనొక్కదాన్నే చూసిన. బట్ట కప్పి ఇచ్చిన. నీ మొగనిగ్గూడ చెప్పలే." నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

చేతుల్లో బాబు కదిలాడు. వాడికి జాగా కావాలి. "తీస్కపో అవ్వా" అన్నాను. ఆమె గుమ్మం వైపు తిరిగింది. బయట వాన. "ఆగు ఆగు" అని అరిచాను. దండెం మీది బాబు తువ్వాలు లాగి ఆమె మోచేతి వంపు మీద కప్పాను, తల తడవకుండా. తువ్వాలు ఆమె చేతి మీద అతుక్కుపోలేదు. గుండ్రంగా, ఎత్తుగా నిలిచింది.

"జర జరుగు బిడ్డా" అన్నది అవ్వ. పక్కకు జరిగి తోవ ఇచ్చాను. ఆమె మెట్లు దిగి, వానలో మెల్లగా బస్‌స్టాండ్ వైపు పోయింది.

బాబును తొట్టెల్లో పడుకోబెట్టాను. మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయింది. గడియారం, క్యాలెండరు, దండెం, తొట్టెల అన్నీ కలిసి ఊగాయి.