చలపతిరావు గారి నాలుగు మంచాలు

చలపతిరావు గారికి మతి చలించిందని పంచాయతీ ఆఫీసులో అన్నారు. వానతో ఆయనకు పూర్వజన్మ పగ ఉందని మా ఊరి రుక్కమ్మ అంది. రిటైరయ్యాక పొద్దుపోక చేస్తున్న పనులని సాక్షాత్తూ ఆయన భార్య రత్నమాల గారే అన్నారు. ఆయనకు పక్కింటివాణ్ణిగా, కొండాపూరు దవాఖాన కమిటీ అధ్యక్షుణ్ణిగా, మూడు వాదనలూ ఓపికగా విన్నాను. అందరూ పొరబడ్డారు. నిర్వివాదంగా తేలిన విషయం ఒక్కటే: రంగు వేసిన ఇనుప సామాను మీద, అది ఆరకముందు ఒక్క చినుకు పడిందంటే, చలపతిరావు గారు ఆ సామానునంతా మళ్ళీ ఇనుము కనిపించేదాకా గీకేవారు.

చినుకు పడ్డ మేరకు గీకితే చాలదా అని ఒకసారి అడిగాను.

"పాలు విరిగితే గిన్నెలో ఒక పక్కే విరుగుతాయాండీ?" అన్నారు.

కాకినాడ నుంచి వచ్చి, నగరంలో ఒక వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా పనిచేసి, మా ఊళ్ళో ఇల్లు కట్టుకున్నారాయన. ఆ ఇంట్లో ఎనిమిది ఇనుప కుర్చీలుండేవి. జూన్ నుంచి అక్టోబరు దాకా కూర్చోవడానికి ఒక్కటీ ఉండేది కాదు. పెళ్ళి పిలుపుకు వచ్చిన చుట్టాన్ని రత్నమాల గారు బియ్యం డబ్బా మీద కూర్చోబెట్టారు.

"లేవకండి వదినగారూ. డబ్బా కూడా ఇనుమే. ఖాళీగా కనిపించిందంటే మావారు గీకడానికి పట్టుకుపోతారు."

అది 1970 వర్షాకాలం. నగరంలో ఒక ఆసుపత్రి తీసేసిన నాలుగు ఇనుప మంచాలు మా దవాఖానకు చేరాయి. వాటి మీద ఇనుముకన్నా తుప్పే ఎక్కువ. ఆగస్టు ఇరవై నాలుగున లేడీ డాక్టరు రాజరాజేశ్వరి గారు తనిఖీకి వస్తారనీ, పురుడు పోయడానికి తగిన నాలుగు మంచాలు కనిపిస్తేనే ప్రసూతి వార్డు మంజూరవుతుందనీ, లేకుంటే అది మరో ఊరికి పోతుందనీ కబురు వచ్చింది. మాకు పద్దెనిమిది రోజుల గడువు. అంతకుముందు ఏడాది సక్కుబాయి అనే ఆమె నగరానికి వెళ్తూ నడిదారిలో ఎడ్లబండిలోనే ప్రసవించింది. ఈసారి కల్లుగీత వృత్తి చేసే వీరేశం భార్య రుక్కమ్మకు నెలలు నిండుతున్నాయి. కాబట్టి ఇది కేవలం రంగుకు సంబంధించిన వ్యవహారం కాదు.

మంచాల బాధ్యత చలపతిరావు గారు అడిగి తీసుకున్నారు. దవాఖానలో ఉన్నది ఒక్క గది. రోగులుండగా అక్కడ రంగు వాసన కుదరదని నర్సు జయలక్ష్మి ఖండితంగా చెప్పింది. వసారా పెంకులు వానకన్నా ధారాళంగా కారేవి. పని ఆరుబయటే చేయాలి.

నాలుగింటినీ గీకి, తుప్పు పట్టకుండా అడుగుపూతగా రెడాక్సైడ్ పూసి, తెల్ల ఎనామిల్ అందుకున్నారు. అప్పుడు దవాఖాన ముందరి తాటిచెట్టు మీదనుంచి వీరేశం కేకవేశాడు.

"సారూ! గండిపేట దిక్కు మబ్బు పట్టింది. కుంచె కింద పెట్టుండ్రి!"

"రేడియోలో పొడి వాతావరణం అన్నారయ్యా!"

"రేడియోల ఆయన చెట్టెక్కి చూసిండా సారూ?"

అరగంటలో కుంభవృష్టి. మర్నాడు ఇనుప బ్రష్షుల మోత.

రెండోసారి జరిగిన నష్టానికి కారణం నా సలహా, దాచను. త్వరగా ఆరడానికి మంచాల కింద కుంపట్లు పెట్టమన్నాను. పిడకలు తడిసి ఉన్నాయన్న సంగతి నేను విచారించలేదు. గంటసేపు ఊరంతా దగ్గింది. పొగ విడిపోయేసరికి తెల్లని మంచాలు చింతపండు రంగులోకి దిగాయి.

చలపతిరావు గారు నన్ను నఖశిఖపర్యంతం చూశారు. "అధ్యక్షులవారూ, వీటిమీద పురుళ్ళు పోయాలా, చేపలు ఎండబెట్టాలా?"

మళ్ళీ గీకుడు. అప్పటికి గడువు ఆరు రోజులే మిగిలింది. నాకు సహనం నశించింది. "ఎందుకండీ ఈ శ్రమ? ఉన్నదానిమీదే ఇంకో పూత వేయండి. పైకి తెల్లగా కనిపిస్తే తనిఖీ గట్టెక్కుతుంది."

"తనిఖీ ఒక్కరోజేనండీ," అని బ్రష్షు అందుకున్నారు.

మూడోసారి రేడియో కట్టేశారు. తాటిచెట్టు కింద తలెత్తి నిలబడ్డారు. "వీరేశం గారూ, ఎలా ఉందండీ?"

నిన్నటిదాకా లేని 'గారు' విని వీరేశం చెట్టు మీద సర్దుకున్నాడు. "మూడు గంటలు ఫికర్ లేదు సారూ. ఆపైన నా పూచీ కాదు."

మూడు మంచాలు నిండు ఎండలో ముత్యాల్లా ఆరాయి. నాలుగోది పూర్తవుతుండగా సరిగ్గా నడిమధ్యన ఒక చుక్క పడింది. ఆకాశంలో మబ్బు లేదు.

"వాన కాదు సారూ!" పైనుంచి వీరేశం మొత్తుకున్నాడు. "కల్లు! లొట్టి జర ఒంగింది!"

"ఏ చుక్కయినా చుక్కే వీరేశం," అన్నారు చలపతిరావు గారు. 'గారు' పోయింది. నాలుగో మంచాన్ని నాలుగోసారి గీకి, దొరికిన మొదటి తెరిపిలో, అంటే తనిఖీ ముందురోజు ఆదివారం, రంగు వేశారు.

సోమవారం పొద్దున్న రోగులను పంపి గది ఖాళీ చేయించాం. ఇంకా పచ్చిగా ఉన్న నాలుగో మంచాన్ని గాలి తగిలేలా కిటికీ పక్కన పెట్టాం. హోరున వాన. జీపు దిగిన డాక్టరమ్మ గొడుగును గుమ్మం బయటే పెట్టించి, చలపతిరావు గారు లోపలికి దారి ఇచ్చారు. ఆమె ఇంకా మొదటి మంచం దగ్గరే ఉండగా బయట బండి ఆగింది. తల నుంచి పాదాల దాకా నీళ్ళు కారుతూ రుక్కమ్మ. వెనక వీరేశం. నొప్పులు మొదలయ్యాయి.

"వెలుతురు కావాలి. కిటికీ పక్క మంచం మీదికి తీసుకురండి," అన్నారు డాక్టరమ్మ.

గదిలో అందరం చలపతిరావు గారి మొహం చూశాం. నొప్పిలోనూ రుక్కమ్మ ఆగిపోయింది. "సారూ, నేను మొత్తం తడిసిన. నీ మంచం ఖరాబైతది!"

"కానియ్యమ్మా," అన్నారాయన. "పడుకోమ్మా. దీన్ని చేసింది నీకోసం కాదూ?"

మగవాళ్ళం వసారాలో తడుస్తూ నిలబడ్డాం. గంట తిరగకుండా లోపల బిడ్డ ఏడ్చింది. ఆడపిల్ల.

డాక్టరమ్మ బయటికి వచ్చారు. ఆమె చేతికి తెల్లరంగు. "మంచాలు చేసిందెవరు?"

చలపతిరావు గారు దోషిలా ముందుకు వచ్చారు.

"ఈ నెలలో తొమ్మిది చోట్ల చూశానండీ. అన్నిచోట్లా తుప్పు మీదే రంగు. నొప్పుల్లో బిగించి పట్టుకుంటే పెచ్చులు లేచి గోళ్ళలో దిగబడతాయి. ఈ అమ్మాయి చేతులకు రంగంటింది గానీ ఒక్క గీత పడలేదు."

"మొదటిరోజే నన్నడిగారండీ," అంది జయలక్ష్మి. "నొప్పులొస్తే ఆడవాళ్ళు మంచాన్ని ఎక్కడ పట్టుకుంటారని. తడి తగిలిన రంగు నిలవదట, అడుగున తుప్పు పొంగి పెచ్చు లేస్తుందట. తలవైపు కమ్మీని రోజూ అరచేత్తో తడిమి చూసేవారు."

చలపతిరావు గారు ఎటు చూడాలో తెలియక నేల చూశారు. "ఆ రంగు కొబ్బరినూనెతో తుడవండమ్మా. కిరసనాయిలు వద్దు, మంట పుడుతుంది."

మంజూరు కాగితం మీద డాక్టరమ్మ అక్కడికక్కడే సంతకం చేశారు. ఆ వానలోనే వీరేశం రోడ్డు మీదికి పరుగెత్తి, "ఆడపిల్ల పుట్టింది! వార్డు వచ్చింది!" అని ఊరంతా చాటాడు.

వారం తరువాత రుక్కమ్మ తన ఇంటికి వెళ్ళిపోయాక నాలుగో మంచాన్ని పరిశీలించాం. రంగంతా చినుకుల మచ్చలు. తలవైపు కమ్మీ మీద పది వేళ్ళ గుర్తులు. వీరేశం తనే ఇనుప బ్రష్షు తెచ్చి ఇచ్చాడు.

చలపతిరావు గారు ఆ గుర్తుల మీద అరచెయ్యి నిమిరి చూశారు. "గరుకు లేదు. ఉండనియ్యి," అన్నారు.

సాక్ష్యాలన్నీ పరిశీలించి నేను తేల్చినది ఇది: చలపతిరావు గారు పద్దెనిమిది రోజుల వానలో మూడు మంచాలను మూడేసిసార్లు, నాలుగోదాన్ని నాలుగుసార్లు గీకి, కొండాపూరు ఆడవాళ్ళకు పురిటి వార్డు సంపాదించారు. ఐదోసారి గీకలేదు.