దుదుక్‌కు ఒత్తు పట్టిన పొద్దు

2023వ సంవత్సరం, ఏప్రిల్ నెల. పుట్టపర్తిలో ఎండకు కుక్కలు గూడా నీడలో కూచోనే మొరుగుతాండే కాలం. అప్పటికి నేను ముప్పై ఏండ్లుగా నాగస్వరం వాయిస్తాండా. ఏడో తరగతిలో లెక్కల సారూ నేనూ ఒకరినొకరు భరించలేక విడిపోయినాము. ఆయన బడిలో ఉండిపోయినాడు, నేను మేళంలో చేరినాను. పెండ్లిళ్లు, గృహప్రవేశాలు, దేవుని ఊరేగింపులు, మా ఇంటికి కూడు పెట్టేది అవే.

ఒకరోజు మధ్యాహ్నం బస్టాండు దగ్గర లాడ్జి నడిపే నరసింహులు ఫోన్ చేసినాడు.

"అన్నా, బిరీన రా. ఈడ ఒక ఫారిన్ ఆయన ఏడుస్తాండాడు."

"నేనొచ్చి ఏం చేయల్లప్పా, కండ్లు తుడవల్లా?"

"ఆయన గూడా నీ మాదిరే ఊదే మనిషి. రా అన్నా, ఎగతాళి తర్వాత."

పోయినాను. యాభై ఏండ్ల మనిషి, మంచం మీద గుడ్డ పరిచి రెండు గొట్టాలు ముందర పెట్టుకోని కూచున్నాడు. పేరు ఆరామ్, దేశం ఆర్మేనియా. పేరుకే ఆరామ్, మనిషికి మాత్రం లేదు. ఆ గొట్టాన్ని దుదుక్ అంటారంట. మూరెడు గూడా లేదు, ఆప్రికాట్ చెట్టు కట్టెతో చేసింది. దాని కొసన నోట పెట్టుకోని ఊదితే అదిరే ముక్కను మేము పీక అంటాము, ఇంగ్లీషోళ్లు రీడ్ అంటారు. మాది చిటికెనవేలి గోరంత ఉంటే ఆయనది అరచేయంత పొడుగుండాది. ఐదు తరాలుగా వాళ్లింట్లో ఇదే పనంట.

నరసింహులు వచ్చీరాని ఇంగ్లీషులో విషయం రాబట్టినాడు. ఆరామ్ వాళ్ల నాయన ముసలితనంలో ఈ ఊరికి వచ్చి పోతాండేవాడు. ఆయన కాలం చేసి ఏడాదైంది. సంవత్సరీకం రోజున వాళ్ల ఇంటి పాట ఈ ఊర్లోనే వాయించమని అడిగి చచ్చిపోయినాడు. ఆ రోజు ఎల్లుండే. దుదుక్ ఒక్కరు వాయించేది కాదు. ఒకరు పాట వాయిస్తే, పక్కన ఇంకొకరు ఒకే స్వరాన్ని తెగకుండా పట్టుకోవల్ల. ఆ పట్టే మనిషి, ఆరామ్ చిన్నాయన కొడుకు, వడదెబ్బ తగిలి ఆస్పత్రిలో గ్లూకోజు ఎక్కించుకుంటాండాడు.

ఇది మాకు తెలియంది కాదు. మా మేళంలో దాన్ని ఒత్తు అంటారు. మా నాయన నలభై ఏండ్లు మా పెద్దనాయన పక్కన నిలబడి ఒత్తు పట్టినాడు. మేళం నా చేతికొచ్చినాక శ్రుతి బాక్స్ కొన్నాను. మీట నొక్కితే అదే మోగుతాంటుంది. "ఇంక ఇంట్లో కూచో నాయనా, నీ పని కరెంటు చేస్తుంది" అన్నాను. నవ్వులాటకే అన్నాను. ఆయన గూడా నవ్వినాడు.

ఆ బాక్సే తెచ్చి ఆరామ్ ముందర పెట్టినాను. రెండు నిమిషాలు విని, మర్యాదగా ఆపేసి, ఏమో చెప్పినాడు.

"చచ్చిపోయిన మనిషికి చచ్చిన శబ్దం ఇయ్యలేనంటాండాడన్నా. పక్కన ఊపిరి ఉండల్లంట. లేకపోతే వాయించకుండా పోతాడంట" అన్నాడు నరసింహులు.

ఆరామ్ రెండో దుదుక్ తీసి నా చేతిలో పెట్టినాడు. నేను అలవాటుగా పీకను నోట్లో నానబెట్టుకోబోతే చేయి పట్టుకున్నాడు. వాళ్ల పీకకు చుక్క నీళ్లు పోసి, అది తెరుచుకునే దాకా కాచుకోవల్లంట. మొదలే తప్పుతో మొదలైంది.

ఇంటికి పోయి మా నాయన్ని బతిమాలినాను. "నువ్వు రా నాయనా, నీ విద్యే ఇది."

"నాకు ఆయాసం రా. రెండు నిమిషాలు గూడా పట్టలేను. నువ్వే నేర్చుకో."

"రెండు రోజుల్లోనా?"

"కరెంటు వస్తుందేమో చూస్తాండు మరి."

అప్పుడు తెలిసింది, ఆ రోజు నవ్విన మనిషి ఏదీ మర్చిపోలేదని.

మా నాయన బొప్పాయి ఆకు కాడ కోసి, చెంబెడు నీళ్లలో పెట్టి ఊదమన్నాడు. "బుగ్గల్లో గాలి దాచుకో. ఆ గాలిని బయటికి తోస్తాంటేనే ముక్కుతో పీల్చుకో. బుడగలు ఆగినాయంటే పాట తెగినట్టు." ముప్పై ఏండ్లు మేళానికి ముందర నిలబడి వాయించినోన్ని, చెంబులో బుడగలు ఊదుకుంటా కూచున్నాను. నీళ్లు ముక్కులోకి పోయినాయి. మా ఆడమనిషి చూసి నవ్వి నవ్వి ఇంట్లోకి పోయింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. పాట పదకొండు నిమిషాలు. రెండో రోజు సాయంత్రానికి నేను తెగకుండా పట్టింది ఆరు నిమిషాలే. పెండ్లిలో తప్పు వాయిస్తే డోలు గట్టిగా కొట్టి కప్పేస్తారు. ఈడ కప్పేదానికి ఏమీ లేదు. నా ఊపిరి తెగితే ఆయన నాయన సంవత్సరీకమే తెగిపోతుంది.

మూడో రోజు తెల్లారినాక చిత్రావతి ఏటి ఒడ్డున కూచున్నాము. ముసలాయన ఫోటో, వాళ్ల దేశమోళ్లు పదిమంది, నరసింహులు. నా వేళ్లు చెమటకు జారుతాండాయి. ఆరామ్ కండ్లు మూసుకున్నాడు. నేను స్వరం పట్టినాను. బుగ్గ, ముక్కు, బుగ్గ, ముక్కు. నాలుగు నిమిషాలు పోయినాయి, ఆరు పోయినాయి. ఊపిరి తెగలేదు. ఇంక గట్టెక్కినా అనుకున్నాను.

అప్పుడే పాట పైకి లేచింది. మా ఒత్తుకు వేళ్లతో పని లేదు, దుదుక్‌కు మాత్రం బెజ్జాలు మూసి వేళ్లు కదలకుండా పెట్టుకోవల్ల. ముప్పై ఏండ్లు గమకాలు పలికించిన వేలు నన్ను అడగకుండానే లేచింది. స్వరం పక్కకు జారింది. శీల ఊడిన బండి మాదిరి పాట ఒరిగిపోయింది. తిరిగి వేలు పెట్టినాను గానీ స్వరం వణుకుతాండాది, నిలబడదు.

ఆరామ్ కండ్లు తెరవలేదు, ఆపలేదు. పైనుంచి మెల్లగా దిగి నా స్వరం మీదికే వచ్చి, నేను పట్టాల్సిన దాన్ని తనే పట్టుకున్నాడు. పాట వదిలేసి నాకు ఒత్తు పట్టినాడు. నా వణుకు తగ్గి స్వరం నిలబడే దాకా అట్లే ఉండి, మళ్లా ఒక్కడే పైకి పోయినాడు. ఆ తర్వాత నేను వేలు గాదు, రెప్ప గూడా కదిలించలేదు.

అయిపోయినాక ఆరామ్ నా చూపుడువేలు పట్టుకోని, బడిలో పిల్లోన్ని బెదిరించినట్టు ఊపినాడు. ఆ వెంటనే నవ్వినాడు, కండ్లలో నీళ్లుండాయి. నేను చేతులు జోడించినాను. నువ్వు పట్టుకోబట్టే నేను నిలబడినానని ఇంగ్లీషులో ఎట్ల చెప్పల్లో నాకు రాదు, నరసింహులుకు ఆ టయానికి గుర్తు రాలేదు.

ఇంటికొచ్చేసరికి మా నాయన వాకిట్లోనే నిలబడుకోనుండాడు.

"తెగిందా?"

"ఊపిరి తెగలేదు. వేలు లేచింది."

"లేస్తుందిలే. ఆ దొర ఎట్ల వాయించినాడు? పాట బాగుండిందా?"

చెప్పబోయినాను. ఎంత వెతుక్కున్నా ఒక్క ముక్క గుర్తు రాలేదు. "నేను విన్లేదు నాయనా. ఊపిరి చూసుకుంటానే అయిపోయింది."

ఆయన అరుగు మీద కూచున్నాడు. "మీ పెద్దనాయన వాయిస్తే రాళ్లు గూడా వింటాయనేవాళ్లు రా జనం. నిజమే అయ్యుంటుంది. పక్కనే నలభై ఏండ్లు నిలబడినా, నేను ఎప్పుడూ విన్లేదు."

పెద్దనాయన పోయి చాలా ఏండ్లైంది. ఆయన పాట ఇంక ఎవరూ తెచ్చి ఇయ్యలేరు. నా చేతనైంది ఒకటే. మరుసటి దినం పొద్దున మా నాయన్ని కుర్చీలో కూచోబెట్టి, ఎదురుగా నిలబడి, పెద్దనాయన నేర్పిన కీర్తన ఒకటి మొదలునుంచి చివరిదాకా వాయించినాను. చేతిలో ఏ పనీ లేకుండా ఆయన మేళం వినడం అదే మొదటిసారి. అయిపోయినాక నా చేతిలోని నాగస్వరాన్ని తాకి చూసినాడు.

"వింటే ఇది ఇట్లుంటుందా రా?" అన్నాడు.