పెండ చల్లారాక

నకిరేకల్ దగ్గర మా నిమ్మతోట ఎకరన్నర. కూలికి పోయి బతికిన మా ఇంటికి మొదటి సొంత నేల అది. నాటిన కొన్నేళ్లకే ఆకులు పసుపు తిరిగాయి. నీళ్లు పెడితే ఇంకేవి కావు. ఎండితే నేల రాయిలా బిగిసేది. మందు సంచులు ఎన్ని వేసినా అంతే.

తెలంగాణ వచ్చిన తర్వాత రెండో ఎండాకాలమో మూడోదో, మండలంలో వానపాముల ఎరువు మీద శిక్షణ పెడితే వెళ్లాను. తడి గోనెసంచిలో రెండు కిలోల వానపాములు ఇచ్చారు. బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. సంచిలో ఏముందని అడిగిన పక్కావిడ, చెప్పగానే లేచి వెనక సీటుకు వెళ్లింది.

వేపచెట్టు నీడన తొట్టి కట్టి, ఆ పొద్దున తెచ్చిన ఆవుపెండ నింపి, వాటిని వదిలాను. మూడో రోజు పైన కప్పిన గోనెపట్టా ఎత్తి చూస్తే చాలావరకు చచ్చిపోయి ఉన్నాయి. మిగిలినవి గోడలెక్కుతున్నాయి. అక్కడే కూర్చుని ఏడ్చాను.

మా అత్త వచ్చింది. పెళ్లయి వచ్చింది మొదలు నడుం వంగేదాకా ఊరి పటేలు పశువుల కొట్టంలో పెండ ఎత్తిన మనిషి. ఆ రోజుల సంగతి ఎవరు కదిపినా ముఖం తిప్పుకునేది. తొట్టిలో మోచేతిదాకా చెయ్యి పెట్టింది.

"పచ్చి పెండ ఏసినవ్ బిడ్డా. లోపల ఉడుకుతాంది. గిట్లుంటే గవి ఎట్ల బతుకుతయి?"

బతికిన వాటిని పాత ఎరువు నింపిన కుండలో దాచాం. కొత్త పెండను ఆమే తిరగేసి, నీళ్లు చల్లి, రోజూ చెయ్యి పెట్టి చూసేది. చల్లారిందని ఆమె చెప్పాకే మళ్లీ వదిలాను. రోడ్డు మీది హోటల్లో మరిగించి పారేసే చాయపత్తి కూడా తెచ్చి వేసేదాన్ని. మూడు నెలలకు తొట్టిలో నల్లటి ఎరువు, అచ్చం ఆ చాయపత్తిలాగే పొడిపొడిగా.

ఆ ఎరువే పాదుల్లో వేస్తూ రెండు వానాకాలాలు గడిచాక చెట్లు చిగుళ్లు వేశాయి, ఆకులు ముదురాకుపచ్చకు తిరిగాయి. పాదు తవ్వితే గడ్డపార అవసరం పడలేదు. మేము వదలని చోట కూడా వానపాములు కనిపించాయి.

ఆ ఏడే పటేలు కొడుకు మా ఇంటికి వచ్చాడు. తన బత్తాయి తోటలో వానపాములు బతకడం లేదట, ఒకసారి వచ్చి చూడమని అత్తను అడిగాడు.

"వస్త," అంది అత్త. "గని ఎత్తుడు నాతోని కాదు. చూసి చెప్త."

మర్నాడు ఉతికిన చీర కట్టుకుని నా బండి వెనక కూర్చుంది. అక్కడ ఆమెకు కుర్చీ వేశారు. కాసేపు దాని వైపే చూసి, కూర్చుంది.