మామ్మ మోయించిన గుడ్డు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక కోడి దేవుడిది.

మాది గజపతినగరం దగ్గర చిన్న క్రైస్తవ పేట. కోడి పిల్లలు లేవగానే మా మామ్మ, అంటే నాన్నగారి తల్లి, వాటిలో చురుకైనదాన్ని ఎంచి కాలికి ఎర్రదారం కట్టేది. పిల్ల ఎదిగేకొద్దీ కాలు ఒరుసుకుపోకుండా ఆ దారం విప్పి, కొంచెం వదులుగా మళ్లీ కట్టేది. దారం పడిందంటే ఆ కోడి కోతల పండుగ కానుకే. దాన్ని అమ్మకూడదు, కొయ్యకూడదు, ఇంటికి అల్లుడొచ్చినా దానివైపు చూడకూడదు. వరికోతలయ్యాక ఒక ఆదివారం పేటలో ప్రతి ఇంటివాళ్లూ తమకు కలిగినదాంట్లోంచి కొంత గుడికి పట్టుకెళ్లేవారు. చర్చిని మేము గుడి అనే అనేవాళ్లం. గుమ్మడికాయలు, చెరుకు గడలు, వరి కంకుల కట్టలు, కాళ్లు కట్టిన కోళ్లు అక్కడ పోగుపడేవి. ప్రార్థన ముగిశాక వాటన్నిటినీ గుడి ముందు వేలం వేసేవారు. వచ్చిన డబ్బు గుడి పెంకులకో, పాస్టరుగారి జీతానికో పోయేది.

మామ్మకి కోళ్లతో పాటు ఒక ముసలి కుక్క ఉండేది. తాతయ్య చనిపోయిన ఏడాది ఎక్కడి నుంచో వచ్చి గుమ్మంలో పడుకుందట. మళ్లీ వెళ్లలేదు. ముంగిసల బారి నుంచి కోళ్లను కాచేది అదే. ఆ ఏడు పండుగ దగ్గరపడుతుండగా దానికి కింది దవడ వాచింది. గంజి పోస్తే గిన్నె దాకా వచ్చి, వాసన చూసి, వెనక్కి తిరిగిపోయేది. అరిచేది కాదు. గోడ దగ్గరికి వెళ్లి తల ఆనించి, పడుకోకుండా అలా నిలబడే ఉండేది. చూసినవాళ్లందరిదీ ఒకటే మాట, "ముసిల్దయిపోనాది కదే, ఒగ్గీ" అని. వదిలేయమని.

మామ్మ వదల్లేదు. మా చిన్నాన్న బండి కడితే, కుక్కను గోనెసంచి మీద పడుకోబెట్టుకుని గజపతినగరం పశువుల ఆసుపత్రికి బయల్దేరింది. నేనూ ఎక్కాను. ఎడ్లకీ గేదెలకీ వైద్యం చేసేచోటికి ఊరకుక్కను బండి మీద తెచ్చారని అక్కడున్న రైతులు నవ్వారు. డాక్టరుగారు నవ్వలేదు. పంటి మొదట్లో చీము పట్టిందన్నారు. పన్ను తాను తీస్తానన్నారు. కానీ ఆ తర్వాత సూదితో పొడవాల్సిన మందు ఆసుపత్రిలో లేదు, విజయనగరం నుంచి కొని తెప్పించుకోవాలి. మా మామ్మ దగ్గర మందు కొనే డబ్బు లేదు. ఇంట్లో ఉన్న కోళ్లు రెండే. ఒకటి గుడ్లు పెట్టే పెట్ట. ఆ గుడ్లు అమ్మే మామ్మ ఇంటికి ఉప్పూ నూనే తెచ్చేది. రెండోది దేవుడిది.

సంత రోజున మామ్మ ఎర్రదారం కోడిని చంకన పెట్టుకుని వెళ్లింది. అమ్మేముందు దారం విప్పి తన కొంగుకు ముడేసుకుంది. పన్ను తీశారు, మందు పొడిచారు. ఒకటి రెండు రోజులకు కుక్క గోడ దగ్గర్నుంచి కదిలి వచ్చి, మామ్మ కాళ్ల దగ్గర చతికిలబడి, కళ్లు మూసుకుంది. అది నిద్రపోతుంటే మామ్మ చాలాసేపు కాళ్లు కదపకుండా కూర్చుంది.

పండుగనాడు పొద్దున్నే మామ్మ నా అరచేతిలో ఒక గుడ్డు పెట్టింది. పెట్ట అప్పుడే పెట్టిన గుడ్డు, ఇంకా వెచ్చగా ఉంది. ఆ ఏడు మా ఇంటి కానుక అదేనని తెలిసి నాకు తల కొట్టేసినట్టయింది. నా స్నేహితుడొకడు తనంత గుమ్మడికాయను నెత్తిన పెట్టుకుని గుడివైపు వెళ్తున్నాడు. నాకో ఉపాయం తోచి, కోడిని ముంగిస ఎత్తుకుపోయిందని అందరికీ చెబుదామన్నాను.

మామ్మ నవ్వింది. "ఒరే గుంటడా, ఆ ముంగిసేటి సేసిందిరా నీకు? లేనిపోని నింద దానికెందుకు?"

గుడిలో కానుకలు ఇచ్చే వేళకు మామ్మ నా చేతిలోంచి గుడ్డు తీసుకుని, అందరిముందూ లేచి నిలబడి, వంటింట్లో మాట్లాడినట్టే మాట్లాడింది. "దేవుడి కోడిని నేను అమ్మీసేను. కుక్కకి పన్ను బాధ. మందుకి డబ్బుల్లేవు. ఇదిగో, ఈ గుడ్డున్నాది."

నేను బెంచీ కిందికి దూరిపోదామనుకున్నాను. అంతలో వెనక వరసలోంచి ఒక పెద్దావిడ, నోటికి పేటంతా భయపడే మనిషి, "దేవుడికన్నా కుక్క ఎక్కువైపోనాదేటే నీకు?" అంది.

"దేవుడికి పన్ను నొప్పి లేదు కదే" అంది మామ్మ.

మొదట నవ్వింది పాస్టరుగారే. ఆ తర్వాత గుడంతా నవ్వింది.

వేలం పాడించే సంఘపెద్ద ఆ గుడ్డును రెండువేళ్లతో పట్టుకుని ఎండకెత్తి చూపించాడు. "ఇందులో పుంజున్నాదో పెట్టున్నాదో నాకు తెల్దు, పాడుకున్నోడి అదృష్టం. పాడండి!" అన్నాడు. మా చిన్నాన్న పావలాకి పాడి, గుడ్డందుకుని, తనకు గుడ్డు పడదనీ మళ్లీ దేవుడికే ఇచ్చేస్తున్నాననీ దాన్ని బల్లమీద పెట్టేశాడు. అలా ఇవ్వడం, ఇచ్చినదాన్ని మళ్లీ వేలం వెయ్యడం మా గుడిలో ఉన్నదే. ఏ పెద్ద గుమ్మడికాయకో ఒకసారి జరిగేది. ఆ రోజు సంఘపెద్ద ఆ గుడ్డును వదల్లేదు. మొహమాటస్తుణ్ణి పేరు పెట్టి పిలిచాడు, పిసినారిని ఎగతాళి చేశాడు. ఎవరు కొన్నా గుడ్డు తిరిగి బల్లమీదికే వచ్చేది. నా స్నేహితుడి గుమ్మడికాయను అందరూ మర్చిపోయారు.

చివరికి దాన్ని పాడుకున్నది వెనక వరస పెద్దావిడే. డబ్బు బల్లమీద పడేసి, గుడ్డు మాత్రం తిరిగి పెట్టలేదు. తిన్నగా మామ్మ దగ్గరికొచ్చింది. "దేవుడికి పన్ను నొప్పి లేదు, సరే. నీ కుక్కకి నమల్డానికి లేదు కదేటి. ఉడకబెట్టి మెత్తగా పెట్టీ" అంది. సంఘపెద్ద డబ్బు లెక్క చూసి, దేవుడి కోడి ముట్టిందని కేకేశాడు.

తిరిగి వెళ్లేటప్పుడు కూడా గుడ్డు నాకే ఇచ్చింది మామ్మ. అంతమందిలో ఆ మాట చెప్పడానికి సిగ్గెయ్యలేదా అని అడిగాను. "ఎందుకెయ్యదురా, ఏసింది. నాకు సిగ్గని నేనూరుకుంటే దాని నొప్పి తగ్గుతాదేటి?" అంది.

ఆ మాట విన్నవాణ్ణి నేను. కాబట్టి తర్వాత నేను చేసింది తెలియక చేశానని చెప్పడానికి లేదు.

పెద్దయ్యాక ఓ దినపత్రికకి విలేకరినయ్యాను. ముప్పై ఏళ్లకు పైగా గజపతినగరం, ఆమదాలవలస, శ్రీకాకుళం తిరిగి, చివరికి మళ్లీ గజపతినగరమే చేరాను. నేను రాసిన వార్తల్లో ఎక్కువ పనికొచ్చినవి ఏవంటే, ఆపన్నహస్తం కోసం ఎదురుచూపులు అనే శీర్షిక కింద వచ్చినవే. గుండెకు చిల్లున్న పిల్ల, తాటిచెట్టు మీంచి పడ్డ గీతకార్మికుడు, మూత్రపిండాలు పాడైన ఉద్దానం రైతు. వాళ్ల ఇళ్లకు వెళ్లి, మొహమాటపడకుండా చెప్పండి, అడగడంలో తప్పేముంది అని నేనే ధైర్యం చెప్పేవాణ్ణి. ఫొటో కూడా తీసుకునేవాణ్ణి.

రాష్ట్రం విడిపోయిన రెండో ఏడు, మా ఆడకుక్క చుక్క నడుము పడిపోవడం మొదలైంది. అప్పటికి దానికి పదమూడేళ్లుంటాయి. నుదుటి మీద తెల్లమచ్చ ఉండేది, పేరు అందుకే. విజయనగరంలో ఒక పశువైద్యుడికి చూపించాను. తుంటి కీళ్లు అరిగిపోయాయి, ఎక్స్‌రే తీయాలి, సూదులు వెయ్యాలి, ఉన్నన్నాళ్లూ మాత్రలు వాడాలి అని ఆయన ఖర్చు చెప్పాడు. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు. ఆమె మందులకే నెలాఖరుకి వెతుక్కునేవాళ్లం. నాలాంటి విలేకరులకు పింఛను లేదు. ఆలోచించుకుని వస్తానని చెప్పి లేచాను. ఇంటికొచ్చి మా ఆవిడతో, డాక్టరు ముసలితనమన్నాడనీ, దీనికి మందు లేదన్నాడనీ చెప్పాను.

పక్కింటి అమ్మాయి, చిన్నప్పుడు చుక్క మెడ పట్టుకుని నడక నేర్చుకున్న పిల్ల, గోడ మీంచి "చుక్క కుంటుతున్నాదేటి మావయ్యా?" అని అడిగితే ఆమెకీ అదే చెప్పాను. ఎవరైనా కుర్ర విలేకరి అలాంటి మాట రాసుకొస్తే, ఎవరన్నారు, నువ్వు విన్నావా అని నిలదీసేవాణ్ణి. నన్నడిగే వాళ్లెవరూ లేరు.

చుక్క మొదట గేటు దాకా ఎదురు రావడం మానేసింది. తర్వాత మెట్లెక్కడం మానేసింది. నన్ను చూస్తే పడుకున్నచోటి నుంచే తోక నేలకు కొట్టేది. లేవబోయినప్పుడు సన్నగా ఒక మూలుగు వచ్చేది. అది విన్నప్పుడల్లా నేను పేపరు గట్టిగా మడతపెట్టేవాణ్ణి. ఒకరోజు లేవలేక పడుకున్నచోటే తడి చేసుకుంది. నేను విసుక్కున్నాను. అది మొహం గోడవైపు తిప్పుకుంది. మా మామ్మ కుక్క తల ఆనించుకున్న గోడ నాకు అప్పుడైనా గుర్తు రావాలి. గుర్తు రాలేదనను. రానివ్వలేదు.

అలా వేసవి, వానలు గడిచి కోతల పండుగ వచ్చింది. మోకాళ్ల వల్ల మా ఆవిడ రాలేదు, నేనొక్కణ్ణే చర్చికి వెళ్లాను. వేలంలో ఎవరో కుర్రాడు ఒక ఆనపకాయ పాడుకుని, నవ్వుతూ, మళ్లీ దేవుడికే అని బల్లమీద పెట్టాడు. నా అరచేయి వెచ్చబడినట్టయింది. మధ్యలోనే లేచి ఇంటికి వచ్చేశాను.

మా ఆవిడ నేలమీద కాళ్లు చాపుకుని కూర్చుని, చుక్క తుంటికి ఆముదం రాస్తోంది. తన మోకాళ్లకు కాచుకున్న ఆముదమే. నేను నిలబడే ఉన్నదంతా చెప్పాను. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"మందున్నాదా?" అంది. "మందుండగా నేనిన్నాళ్లూ ఆముదం రాసుకుంటన్నానా?"

నీ మోకాళ్ల మందులకే కష్టంగా ఉందంటూ ఏదో సర్దబోయాను.

"నా మోకాళ్లని నన్నడిగేరేటి? నా మీద పెట్టి దీని నడుం ఇరగ్గొట్టీసేరు." ఆమె గట్టిగా అరవలేదు. అరిచినా బాగుండేది. పక్కింటి గోడవైపు చూపించి, "మీరే ఎల్లి సెప్పండి. నాకు సెప్పినట్టు కాదు, ఉన్నది సెప్పండి" అంది.

గోడ దగ్గరికి వెళ్లి పక్కింటి అమ్మాయిని పిలిచాను. చుక్క వైద్యానికి నా దగ్గర డబ్బుల్లేవమ్మా అన్నాను. నా జీవితంలో రాసిన ఏ చిన్న వార్త కన్నా చిన్న వాక్యం అది.

ఆ పిల్ల నా మొహంలోకి చూసి, "ఈ మాట చెప్పడానికా మావయ్యా ఇన్నాళ్లు?" అంది. అంతే అడిగింది. వీధి చివర ఆటో నడిపే కుర్రాడికి చుక్క అంటే ఇష్టం. మర్నాడు తెల్లారకముందే ఆటో తెచ్చి గుమ్మంలో పెట్టాడు, కిరాయి మాట ఎత్తితే కోప్పడ్డాడు. ఎదురింటి టీచరమ్మ, పాలు పోసే ఆయన, ఇంకెవరెవరో తలా కొంత ఆ పిల్ల చేతిలో పెట్టారట. ఎవరెంతో ఆమె నాకు చెప్పలేదు. ఒక్కరూ నవ్వలేదు. నేను అన్ని నెలలు భయపడ్డది వాళ్ల నవ్వుకే.

డాక్టరు పూర్తిగా తగ్గదనీ, నొప్పి లేకుండా మాత్రం ఉంచొచ్చనీ చెప్పి సూది వేశాడు. మొదటిసారి వచ్చినప్పుడే మొదలుపెట్టి ఉంటే దీనికింత బాధ ఉండేది కాదు అన్నాడు, చీటీ రాస్తూ, తలెత్తకుండా. నన్ను తప్పుపట్టాలని అన్నట్టు లేదు.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం వసారాలో చుక్క పక్కకు ఒరిగి, నాలుగు కాళ్లూ బారచాపి, గుర్రు పెట్టి నిద్రపోతోంది. అది ఎప్పుడూ అలాగే పడుకునేదని అప్పుడు జ్ఞాపకం వచ్చింది. ఎన్ని నెలలుగా అది ముడుచుకునే పడుకుందో, దాని నిద్ర ఎలా ఉండేదో నేను పూర్తిగా మర్చిపోయాను.

మరుసటి వానాకాలం దాకా ఉంది చుక్క. ఆ రోజులు దానికి సుఖంగానే గడిచాయని మా ఆవిడ అంటుంది. అంతకు ముందు గడిచినవాటి గురించి మేమిద్దరం మాట్లాడుకోం.

ఇప్పుడు కూడా ఎవరైనా ఎలా ఉన్నారని అడిగితే, ఏముంది, బాగానే ఉన్నాం అనే మాట ముందుగా నోటికి వస్తుంది. వచ్చినప్పుడు నా కుడిచేతి వేళ్లు వాటంతటవే కొంచెం ముడుచుకుంటాయి, గట్టిగా పట్టుకుంటే పగిలిపోయేదేదో అందులో ఉన్నట్టు. అప్పుడు ఆగి, ఉన్నది చెబుతాను. చిన్నప్పుడు ఆ గుడ్డును ఎక్కడా జారవిడవకుండా కుక్క గిన్నె దాకా చేర్చాను. పెద్దవాణ్ణయ్యాక ఒక్క నిజం మాట చేర్చడానికి అన్ని నెలలు పట్టింది, అదీ గోడ అవతలికి.