వాసన రాని గొలుసు

మా పిన్ని సైకిళ్లు బాగుచేస్తుంది. పెళ్లికి ముందు తండ్రి దుకాణంలో పంక్చర్లు వేసింది, పెళ్లయ్యాక తన దుకాణానికి తానే షట్టరు ఎత్తింది. కిటికీ లేని ఇరుకు గది. అందులో పెట్రోలు గిన్నె ముందేసుకుని గొలుసులు కడిగి కడిగి, రెండు మెట్లెక్కితే చాలు పిల్లికూతలు వచ్చే ఊపిరి సంపాదించుకుంది.

డాక్టరు తేల్చేశాడు. "పెట్రోలు గాలి మానండి. కుదరకపోతే పనే మానండి."

బాబాయికి రెండో మాటే వినపడింది. "ఇక షట్టరు దించెయ్యవే. ఇంట్లో కూర్చుని హాయిగా ఊపిరి పీల్చుకో."

"అది దించితే నేనూ దిగిపోయినట్టే. ఊపిరి తియ్యకుండా జిడ్డు వదిలించే మందు ఏదో ఒకటి ఉండకపోదు," అంది పిన్ని.

వెతుకులాట మొదలైంది. కిరోసిన్‌తో దగ్గు తగ్గలేదు. రంగులవాళ్లు వాడే థిన్నరు మూత తీయగానే తల తిరిగింది. హార్డువేరు కొట్టాయన బాత్రూమ్ యాసిడ్ సీసా చేతిలో పెట్టి, "అద్దంలా చేస్తుందమ్మా," అన్నాడు. ఆమె ముక్కుకు గుడ్డ కట్టుకుని, వీధిలో కూర్చుని, పాత గొలుసు ముక్కను అందులో ముంచింది. నిజంగానే తళతళలాడింది. మర్నాడు పట్టకారుతో వంచితే లంకె పుటుక్కుమంది.

"పైన పటారం, లోన లొటారం," అని సీసా తిరిగిచ్చేసింది.

చివరకు గిన్నెలు తోమే సబ్బును వేడినీళ్లలో కలిపింది. నల్లటి జిడ్డంతా ఊడి వచ్చింది, ఊపిరికి ఏ ఇబ్బందీ రాలేదు. కానీ గొలుసుకు నీళ్లు చూపించకూడదన్నది ఈ పనివాళ్లందరి వేదం. సైకిలు తెచ్చేవాళ్లేమో గొలుసు కడిగారో లేదో ముక్కుతో తేల్చుకునే రకం.

సబ్బుతో కడిగిన తన గొలుసును పాలాయన వంగి వాసన చూశాడు. "ఏంటక్కా, పెట్రోలు వాసనే లేదు. కడిగావా, కడిగినట్టు నటించావా?"

"సైకిల్ని ముక్కుతో తొక్కుతావా? పో, కాళ్లతో తొక్కి చూడు."

వారం తిరగకుండానే తోసుకుంటూ వచ్చాడు. గొలుసు ఎర్రగా తుప్పు పట్టింది. మనిషి దగ్గితే పక్కకు జరిగే మా వీధి, గొలుసు కిర్రుమంటే మాత్రం ముందుకు జరిగి గుమిగూడింది.

"నా గంట కంటే ముందు ఈ కిర్రుకే కుక్కలు లేస్తున్నాయక్కా! ఇంకోసారి ఇలా అయితే మా పాలడిపో సైకిళ్లన్నీ వేరే దుకాణానికే."

"నేను ముందే చెప్పానా!" అన్నాడు బాబాయి.

ఆ సైకిళ్లు పోతే దుకాణంలో మిగిలేది పిన్ని, ఆమె పానాలే. ఆమె గొలుసు ఊడదీసి ఒక్కో లంకెనూ వంచి చూసింది. లోపలి నుంచి ఎర్రటి నీటిచుక్క జారింది. పిన్ని నవ్వింది.

"ఇల్లు అలకగానే పండగవుతుందా? పైపైన తుడిచి, లోపలి తడి మీదే నూనె పోశాను. తప్పు సబ్బుది కాదు, నా తొందరది. రేపు రా."

"ఒక్క గొలుసుకి రోజంతానా? పెళ్లికూతురా ఏంటి?"

"పెళ్లికూతురైతే ఇంకా ఆలస్యమయ్యేది."

తుప్పు రుద్ది, సబ్బునీళ్లతో కడిగి, మంచినీళ్లలో జాడించి, గుడ్డలో చుట్టి విదిలించింది. ఎండలో కాగిన రేకు మీద లోపలిదాకా వేడెక్కేలా ఆరబెట్టింది. అప్పుడు లంకెకో చుక్క నూనె వేసి, పైకి వచ్చినదంతా తుడిచేసింది.

పుస్తకాల్లో గెలిచేవాళ్ల మీద నాకు నమ్మకం లేదు. రాసేవాడు ముందే గెలిపించి పెడతాడు. ఇక్కడ పిన్ని తరఫున ఎవరూ లేరు. పైగా వానలు పట్టుకున్నాయి. పాలాయన ఆ ముసురంతా అదే గొలుసుతో తిరిగాడు.

వానలు వెలిశాక వచ్చి, సైకిలు తలకిందులు చేసి, పెడలు గిర్రున తిప్పి చెవి పెట్టాడు.

"ఏమీ వినపడట్లేదక్కా."

"గొలుసుది గొప్పా, నీ చెవిది లోపమా?"

అతను వీధి మలుపు వైపు తిరిగి ఈలేశాడు. డిపో సైకిళ్లు ఒకదాని వెనుక ఒకటి వచ్చి దుకాణం ముందు వరుస కట్టాయి. బాబాయి గొణుక్కుంటూనే వేడినీళ్ల బకెట్టు మోసుకొచ్చాడు. పిన్ని గడపలో నిలబడి వీధి చివరికి వినపడేలా ఒక్క గుక్కలో అరిచింది.

"తోసుకోకండయ్యా, అన్నీ చేస్తాను, నేనెక్కడికీ పోను!"

అంత పొడుగు మాటలో ఒక్క పిల్లికూత లేదు.